పొరుగువాడెవడు? – తెలుగు క్రైస్తవ వాఙ్మయమున ఒక ప్రశ్న

మన సాహిత్య చరిత్రకారులు 'క్రైస్తవ వాఙ్మయము' అను శీర్షిక క్రింద సాధారణముగా మూడు విధముల రచనలను చేర్చుచుందురు: బైబిలు అనువాదములు, కీర్తనలు, క్రీస్తు చరిత్రను వస్తువుగా గైకొన్న పద్యకావ్యములు. ఈ విభజన వస్తువును బట్టి చేసినది. శివుని గూర్చి చెప్పినది శైవము, విష్ణుని గూర్చి చెప్పినది వైష్ణవము అయినట్లే క్రీస్తును గూర్చి చెప్పినది క్రైస్తవము. గ్రంథాలయమున పుస్తకములు సర్దుకొనుట కిది చక్కని పద్ధతియే. విమర్శకు మాత్ర మిది చాలదని నా అభిప్రాయము. ఏలయన క్రొత్త నిబంధన విశ్వాసమునకు పెట్టిన పరీక్ష నామోచ్చారణము కాదు, నడవడి. పేరు పెట్టి పిలిచిన మాత్రమున ప్రయోజనము లేదని కొండమీది ప్రసంగము చెప్పుచున్నది. క్రియలేని విశ్వాసమును యాకోబు పత్రిక ప్రాణములేని దేహముతో పోల్చినది. ఇట్టి మతమునకు సంబంధించిన సాహిత్యమును కేవలము పాత్రల పేర్లను బట్టి నిర్ణయించినచో, ఆ మతము తనకు తానై పెట్టుకొన్న కొలబద్దను మనము పారవేసినట్లగును.

ఆ కొలబద్ద తెలుగులో ఒకే యొక మాటలో నిమిడియున్నది. ఆ మాట 'పొరుగువాడు'. ఈ మాట తెలుగు క్రైస్తవ రచనలలో ఎట్లు ప్రవేశించినది, ఎవరి చేతిలో బ్రతికినది, ఎవరి చేతిలో మూగవోయినది అని పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట పదమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. పూర్వపు వ్రాతలో ఇది శకటరేఫతో 'పొఱుగు'. కన్నడమున దీని జ్ఞాతిపదము 'హొరగు'. దాని కర్థము వెలుపల. తమిళమున 'పుఱం' అనుదానికి నదే యర్థము. కావున మూలమున పొరుగనగా 'నా గోడకు వెలుపల నున్నది' అని మాత్రమే. తెలుగున నీ పదము ఒక మెట్టు దగ్గరకు జరిగినది. పొరుగిల్లు, పొరుగూరు, ఇరుగుపొరుగు, ఇరుగమ్మ పొరుగమ్మ అను ప్రయోగములలో వెలితనము కంటె చేరువతనమే యెక్కువగా ధ్వనించును. నిప్పు కొరకు, మజ్జిగ కొరకు పోవుట పొరుగింటికే. పొరుగింటి పుల్లకూరయే రుచి. పోట్లాడుకొనుటయు పొరుగువారితోనే. ఇంటికి వెలుపలనే కాని ఊరికి లోపల – ఇది పొరుగు.

ఊరికిని వెలుపల నున్నదానికి తెలుగువారు వేరొక మాట పెట్టుకొన్నారు. అది 'వెలి'. వెలివాడ, వెలివేత అనునవి దాని సంతానము. పొరుగు, వెలి – రెండును మొదట వెలుపలి స్థానమునే చెప్పు పదములు. కాని వాడుకలో ఒకదానికి చుట్టరికము వచ్చినది, రెండవదానికి శిక్ష వచ్చినది. ఊరికిని వాడకును నడుమ నూరు గజముల దూరమైనను లేకుండవచ్చును. అయినను ఊరివాడు వాడలోని వానిని తన పొరుగువాడని యెన్నడును చెప్పుకొనలేదు. కూలి కని పిలిచెను, చాకిరి కని పిలిచెను, పొరుగని పిలువలేదు.

ఇట్టి భాషలోనికి బైబిలు వచ్చినది. హాలే నుండి వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ 18వ శతాబ్దమున క్రొత్త నిబంధనను తెలుగు చేసినను అది అచ్చు కాలేదు. విశాఖపట్టణమున లండను మిషనుకు చెందిన అగస్టస్ దె గ్రాంజ్, ఆనందరాయరు అను తోడ్పాటుగానితో కలిసి చేసిన సువార్తల అనువాదము 1812లో వెలువడినది. ప్రిచ్చెట్టు తెలుగు చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున అచ్చుపడినది. అటుపిమ్మట అనేక సంస్కరణములు జరిగినవి. నేడు సంఘములలో వాడుకలో నున్న పాఠమున ఆ ప్రధానాజ్ఞకు నిలిచిన పదము 'పొరుగువాడు'. గ్రీకు మూలములోని పదమునకు 'దగ్గరనున్నవాడు' అని యర్థము గనుక ఈ అనువాదము యథాతథమే. లేవీయకాండము 19వ అధ్యాయమున హెబ్రీ పదమునకు 'తోటివాడు' అను ఛాయ యెక్కువ. అనువాదకులు 'తోటివాడు' అని పెట్టియుండవచ్చును; 'ఇతరుడు' అని సంస్కృతమును ఆశ్రయించియుండవచ్చును. తోటివాడన్నచో ఒకే పంక్తిలో కూర్చున్నవాడని ముందే ఒప్పుకొన్నట్లగును. ఇతరుడన్నచో ఎవ్వడును ఎదురుపడని ధర్మోపన్యాసమగును. పొరుగువాడన్నచో తెలుగు శ్రోత మనసులో ఒక గోడ, ఒక వీధి, ఒక పొలిమేర వెంటనే లేచును. లూకా సువార్త 10వ అధ్యాయములోని నీతికథకు కావలసిన దదియే, ఏలయన ఆ కథ చేయుపని ఆ పొలిమేరను దాటుట.

కథ అందరెరిగినదే. ధర్మశాస్త్రోపదేశకు డొకడు లేచి తన పొరుగువా డెవడని యడుగును. అది మేర నిర్ణయించుమని కోరు ప్రశ్న. ఎంతవరకు ప్రేమింపవలెను, ఎక్కడ నుండి ప్రేమింప నక్కరలేదు అని. యెరూషలేము నుండి యెరికోకు దిగిపోవు త్రోవలో దొంగల చేత దెబ్బలు తిని పడియున్నవానిని యాజకుడు చూచి తొలగిపోవును. లేవీయుడు చూచి తొలగిపోవును. సమరయుడు దగ్గరకు వచ్చును. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టును; తన వాహనముపై నెక్కించి పూటకూళ్ళవాని యింట చేర్చి, రెండు దేనారములిచ్చి, మిగిలిన వ్యయమునకు తిరిగివచ్చునప్పుడు పూటపడును. చివరకు యేసు ప్రశ్నను తలక్రిందు చేయును. నీ పొరుగువా డెవడని చెప్పడు; ఈ మువ్వురిలో పొరుగువాడైన దెవడని తిరిగి యడుగును. అంతవరకు స్థలవాచకముగా నున్న నామము ఆ వాక్యమున క్రియగా మారినది. పొరుగు అనునది ఉండుట కాదు, అగుట. ఈ మార్పు తెలుగున స్పష్టముగా వినబడినంతగా, స్థలస్పృహ నశించిన పదములు గల భాషలలో వినబడదేమో యని నాకు తోచును.

ఇందొక సూక్ష్మము కలదు. ఉపదేశకుడు జవాబు చెప్పునప్పుడు 'సమరయుడు' అని యనడు. జాలి చూపినవాడని చుట్టి చెప్పును. ఆ జాతి పేరు ఆతని నోట వెలువడలేదు. ఒకసారి స్నాతకోత్తర తరగతిలో ఈ కథను చెప్పి, మీ యూరి త్రోవలో నిదే జరిగినచో ఆ మూడవ బాటసారి యెవరని విద్యార్థుల నడిగితిని. కొంతసేపు ఎవ్వరును పలుకలేదు. తుదకొకడు "ఆ సాయము చేసినవాడు, అయ్యా" అని తలవంచుకొన్నాడు. వ్యాఖ్యానగ్రంథములు పెక్కు చదివియు నేను గ్రహింపలేనిది ఆ కుఱ్ఱవాని తడబాటు వలన గ్రహించితిని.

అనువాదము ప్రతిచోట నింత పదునుగా లేదు. యోహాను సువార్త 4వ అధ్యాయమున బావికడ సమరయ స్త్రీని యేసు దాహమడుగును, ఆమె ఆశ్చర్యపడును. అచ్చట యూదులకు సమరయులతో 'సాంగత్యము' లేదని మన పాఠము. మూలక్రియకు 'కలిసి వాడుకొనుట' యను అర్థము కలదనియు, ఒకే పాత్రలో నీరు త్రాగకుండుటయే యిక్కడి భావమనియు వ్యాఖ్యాతలలో కొందరు చెప్పుదురు. ఆ యర్థమును గైకొన్నచో, ఊరి బావియు దోసిట పోయించుకొన్న నీరును ఎరిగిన తెలుగువానికి వేరొక వ్యాఖ్యానముతో పనిలేదు. సాంగత్యమను సభ్యపదము ఆ చెంబును కనబడకుండ చేసినది. అట్లే 'పూటకూళ్ళవాడు' అను అనువాదము మాత్రము చమత్కారమైనది. క్రీడాభిరామము నాటి ఓరుగల్లు మొదలు కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మ వరకు మన సాహిత్యమున పూటకూళ్ళ యిల్లు సుపరిచితము. కాని త్రోవలో దొరికిన కులమెరుగని మనుష్యుని, వానిని మోసికొనివచ్చిన సమరయుని, ఏ పూటకూళ్ళమ్మ గడప దాటనిచ్చును? అనువాదకుడు దీని నూహించెనో లేదో చెప్పలేము. పదము మాత్రము ఆ ప్రశ్నను తెచ్చిపెట్టినది.

ఇక కీర్తనలు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలుగా తెలుగు క్రైస్తవ కీర్తనకారులు పల్లవి, అనుపల్లవి, చరణములు గల దేశీయమైన కీర్తన చట్రమును స్వీకరించి, రాగతాళములతో పాడుకొనదగిన భక్తిసాహిత్యమును సృష్టించిరి. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలను బలవంతముగా తొడిగిన గీతముల ప్రక్కన వీరి కీర్తనలు పెట్టి చూచినచో ఈ సేవయొక్క విలువ తెలియును. ఆ గేయములలో పలుకు గొంతు పశ్చాత్తప్తుడైన భక్తునిది. తాను పాపి; ఆయన రక్షకుడు; నడుమ సిలువ. రామదాసు, త్యాగరాజాదుల ఆర్తభక్తి మార్గమే యిది. దైవము మారెను గాని, భక్తుని ఏకాంతము మారలేదు. భక్తునికిని భగవంతునికిని నడుమ నున్న దూరమును కొలుచుటలో ఈ కీర్తనలు సాటిలేనివి. భక్తునికిని అతని ప్రక్కవానికిని నడుమ నున్న దూర మిందు కొలతకు అరుదుగా వచ్చును. పొరుగువాడు కీర్తనలో ప్రధానపాత్ర కాలేదు. దీనిని దోషమని నేననను. కీర్తన యనునది ప్రార్థన, ప్రార్థనకు ప్రక్కచూపు తగదని యెవరైన వాదింపవచ్చును. పైగా ఆ కీర్తనను పాడుటకు ఏయే వాడలవారు ఒకే కప్పుక్రింద కూర్చుండిరో, ఎవరు వేరుగా కూర్చుండిరో, అది కీర్తనలో లేని చరిత్ర. ఆ చరిత్ర కీర్తనకంటె తక్కువ ముఖ్యము కాదు.

ఆ కూర్చుండుటను గూర్చియే ఒంగోలున మొదట తగవు పుట్టినది. అమెరికన్ బాప్తిస్టు మిషను పక్షమున 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ తన అనుభవములను చెప్పిన గ్రంథము ఆతడు గతించిన పిమ్మట, 1914లో వెలువడినది. తొలిదినములలో ఉన్నతకులములవారు కొందరు క్లౌ బోధపట్ల ఆదరము చూపిరి. యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు చేరనారంభించినంతనే, వారిని చేర్చుకొన్నచో తాము రామని చెప్పిరి. క్లౌ దంపతులు ఇద్దరును వేరువేరుగా బైబిలు తెరువగా కొరింథీయుల కువ్రాసిన మొదటి పత్రికలో ఒకే భాగము కంటబడెననియు, లోకము నీచులని త్రోసినవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడను అచటి మాట తమ సంశయమును తీర్చెననియు ఆతడు చెప్పుకొనెను. తరువాతి కథ ప్రసిద్ధము. 1876–78 నాటి మహాక్షామమున బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని క్షామపీడితులకు పని కల్పించుట, 1878 జులై 3న ఒక్కనాటనే 2,222 మంది బాప్తిస్మము పొందుట. మిషను చరిత్రలన్నియు నీ సంఖ్యను సగర్వముగా నుదాహరించును. నా దృష్టిలో సంఖ్యకంటె ముందటి సంకటమే ముఖ్యము. అచ్చట విశ్వాసమునకు వచ్చిన పరీక్ష సిద్ధాంతమున కాదు, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెనను దానియందు.

ఇట్టి పరీక్షయే తిరుగబడి మిషనరీలకును వచ్చినది. డోర్నకలులో పనిచేయుచుండిన వి. యస్. అజరయ్య, 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ప్రసంగించుచు, మిషనరీలు తమ ఆస్తిని, దేహమును త్యాగము చేసిరని యొప్పుకొని, అంతటితో చాలదనియు, మాకు స్నేహితులు కావలెననియు అడిగెను. ఆయన పుట్టుకచే తమిళుడు, ప్రసంగము ఆంగ్లమున. కావున నిది తెలుగు వాఙ్మయమున చేరదు. కాని ఆయన సేవించినది తెలుగు సంఘమును. 1912లో డోర్నకలు బిషప్పై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడైన దాయనయే. ధర్మము చేయువాడు పొరుగువాడు కానక్కరలేదను సత్యమును ఆయన ఎత్తిచూపెను. దాత పైనుండి వంగును. పొరుగువాడు ప్రక్కన కూర్చుండును. నీతికథలోని సమరయుడు చేసినది వట్టి దానము కాదు; తాను వాహనము దిగి నడిచెను గదా.

తెలుగు కవిత్వమున ఈ ప్రశ్నకు నిజమైన రూపము కల్పించినవాడు గుఱ్ఱం జాషువ (1895–1971) అని నేను భావించుచున్నాను. ఆ రూపము ఏ కావ్యమునందున్న దనుటలోనే విద్వాంసులతో నాకు కొంత భేదము. సాహిత్య అకాడమి పురస్కారము 1964లో ఆయన 'క్రీస్తు చరిత్ర'కు లభించినది. అప్పటినుండియు క్రైస్తవ కవిగా జాషువను గూర్చి వ్రాయువారు దానినే ముందుంచుకొందురు. అది సువార్తల కథకు కట్టుబడిన కావ్యము. పవిత్రమైన కథను చెప్పు కవికి ఉండదగిన వినయమే అందు కవికి బంధమైనదని నాకు తోచును. కథ ముందే నిర్ణీతము. పాత్రల తప్పొప్పులు ముందే నిర్ణీతములు. దొంగల చేత దెబ్బతిన్నవాడు ఏనాటివాడో, ఎక్కడివాడో. పాఠకుడు జాలిపడును, మెచ్చుకొనును, పుస్తకము మూయును. ధర్మశాస్త్రోపదేశకునివలె మనము సరియైన సమాధానమే చెప్పుదుము గాని మన త్రోవలో నెవ్వడును పడియుండడు. జాషువ పద్యశిల్పమును తక్కువ చేయుటకు నేనీ మాట చెప్పుట లేదు. యాత్రికునికి త్రోవ చూపు శిలకును, త్రోవ కడ్డముగా పడియున్న మనుష్యునికిని గల భేద మెట్టిదో, 'క్రీస్తు చరిత్ర'కును 'గబ్బిలము'నకును గల భేద మట్టిది.

1941లో వెలువడిన 'గబ్బిలము'నకు మేఘసందేశము మాతృకయని యందరెరుగుదురు. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘమును పంపెను. జాషువ నాయకుడు, తంజావూరు సీమలోని అరుంధతీసుతుడు, శివునికి గబ్బిలమును పంపెను. ఈ అనుకరణలోని విపర్యయములు లెక్కింపదగినవి. మేఘము లోకమెల్ల ఎదురుచూచు శుభమూర్తి. గబ్బిలము ఇల్లు సొచ్చిన నపశకునము. యక్షుని కొక సంవత్సరపు శాపము. ఇతని శాపమునకు గడువు లేదు. యక్షుని వేదన విరహము. ఇతని వేదన ఆకలి, అవమానము. తన రెక్కల కష్టము లేనిదే పైరు పండని దేశమున, అన్నము పెట్టువానికే అన్నము లేదు. నాలుగు పడగల సర్పము ఇతని గాలి సోకిన మాత్రమున బుసకొట్టును.

ఈ విపర్యయములలో కీలకమైనది దూతయొక్క యెంపిక. దీనిని విమర్శకులు కేవలము వ్యంగ్యముగా వ్యాఖ్యానించుచున్నారు: మనుష్యునికి లేని ఆలయప్రవేశము గబ్బిలమునకు కలదు గదా యని. అది నిజమే, కాని అంతతో తీరదు. ఆలయపు కప్పున తలక్రిందుగా వ్రేలాడు గబ్బిలమునకు శివుని చెవి చేరువగా నుండునని నాయకుడనును. పూజారి లేని సమయము చూచి తన కథను విన్నవింపుమనును. ఇచ్చటి 'చేరువ' యను భావమును మన పదచర్చతో కలిపి చూడవలెను. దైవమునకు చేరువగా నుండుటకు నియుక్తుడైనవాడు పూజారి. అతడు లేనప్పుడు గాని దేవునికి మనుష్యుని మాట వినబడదు. నీతికథలోనున్న దిదియే. గాయపడినవానిని దాటిపోయినవారు త్రాగుబోతులు కారు, దొంగలు కారు. యాజకుడును లేవీయుడును, అనగా దేవాలయమునకు పొరుగున నున్నవారు. ఆలయమునకు చేరువైనవారు మనుష్యునికి దూరమైరి. శుచిని గూర్చిన భయమే వారిని తొలగించెనని వ్యాఖ్యాతలు కొందరు చెప్పుదురు. శవమును తాకిన నంటు గదా. ఆ భయము తెలుగువానికి తెలియనిదా?

అదే కావ్యమున ప్రతిమల పెండ్లిండ్లకు వేలు వెచ్చించు దేశము పేదవాని వట్టి పాత్రలో నొక మెతుకు విదల్పదని జాషువ నిష్ఠురమాడెను. దీనిని హిందూమత దూషణగా గ్రహించి నొచ్చుకొన్నవారు కలరు. క్రైస్తవమత మండనగా గ్రహించి సంతోషించినవారును కలరు. ఇరువురును పొరబడినారని నా విన్నపము. దూషణయే కవి లక్ష్యమైనచో సందేశమును శివునికి పంపనేల? ఆయన శివుని త్రోసిపుచ్చలేదు. శివుడు వినునని నమ్మెను, విననీయనివాడు పూజారియని చెప్పెను. మండనయే లక్ష్యమైనచో క్రైస్తవ తల్లిదండ్రుల బిడ్డయైన కవికి దూత అక్కరలేదు. తన గుడి తనకున్నది గదా. లేమియు కులభేదమును తనకు గురువులని చెప్పుకొన్న కవి, ఏ గుడి చాటునను దాగుకొనక, త్రోవలో పడియున్నవాని గొంతుతో మాటలాడెను.

ఈ గొంతును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. లూకా నీతికథలో అందరు నేదో యొకటి చేయుదురు. కొందరు మాటలాడుదురు కూడ. దెబ్బతిన్నవాడు మాత్రము మొదటినుండి తుదివరకు మాటలాడడు. కొనయూపిరితో నున్నవాడు మాటలాడుటకు వీలులేదనుట వాస్తవమే. కాని రెండువేల యేండ్ల వ్యాఖ్యానమున కూడ నతడు మూగవాడుగనే యుండెను. ప్రశ్న యెప్పుడును దాటిపోవువాని వైపు నుండి, ఆగువాని వైపు నుండి మాత్రమే వచ్చుచున్నది: నే నెవరికి సాయపడవలెను? జాషువ చేసిన పని, పడియున్నవాని చేత ఆ ప్రశ్న నడిగించుట. నాకు పొరుగువా డెవడు? ఊరిలో నెవ్వడును కాలేదు. గబ్బిల మొకటి యైనది. మానవులలో సమరయుడు దొరకని దేశమున పక్షియు కాని మృగమును కాని యొక ప్రాణి సమరయ ధర్మమును నిర్వర్తించినది. కావ్యమందలి కరుణ యిది; నింద కూడ నిదియే.

ఇచ్చట నొక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. శివుని సంబోధించు కావ్యమును సువార్త వెలుగున చదువుట బలాత్కారము కాదా? దళిత ఆత్మగౌరవమునకు పతాకయైన కావ్యమును మతముయొక్క పద్దులో వ్రాసికొనుట న్యాయమా? ఆక్షేపణ బలమైనది. 'గబ్బిలము' క్రైస్తవ కావ్యమని నేననుట లేదు. అట్లనినచో వ్యాసారంభమున నేను నిరాకరించిన నామమాత్ర విభజననే వెనుక వాకిట నుండి లోనికి తెచ్చుకొన్నవాడ నగుదును. సువార్త యొక ప్రశ్న నడిగినది. ఆ ప్రశ్నకు తెలుగున అత్యంత తీవ్రమైన రూపము ఆ మతపు పేరులేని కావ్యమునందు దొరకుచున్నది అని మాత్రమే నా వాదము. ఇది మతమునకు గర్వకారణము కాదు. సంఘమునకు కొంత సిగ్గుపాటు కూడ. క్రైస్తవ సంఘములలోనే కులభేదములు వివాహములందు, పదవులందు, కొన్నిచోట్ల శ్మశానములందు నిలిచియుండుట తెలుగునాట ఎవరికి తెలియదు? కీర్తన పుస్తకమున లేని పొరుగువాడు సంఘపు బల్లకడను లేకపోవుట కాకతాళీయము కాదు.

ఆ సంఘపు లోపలి కథను వచనమున చెప్పిన రచన జి. కల్యాణరావు నవల 'అంటరాని వసంతము' (2000). తరతరముల దళిత కుటుంబ చరిత్రను చెప్పు ఆ నవల యొక్క పరిధి ఈ వ్యాసమునకు మించినది. అందలి రాజకీయ దృక్పథమును గూర్చియు నే నిక్కడ చర్చింపను. ఒక్క ఘట్టమునే ప్రస్తావింతును. క్షామమున శివయ్య, శశిరేఖ బకింగుహాము కాలువ పనికి పోవుదురు. ఆకలి యందరికి నొకటియే. అయినను అంటరానివారు తమతో కలిసి పలుగు పట్టరాదని తక్కిన కూలీలు వారిని తరుముదురు. మిషను చరిత్రలలో అన్నదానముగా కనబడు కాలువగట్టు ఇచ్చట యెరికో త్రోవగా కనబడును. తరుమబడినవారిని చేరదీసినవాడు మార్టిను అను క్రైస్తవుడు. అతడు సంపన్నుడు కాడు, దొర కాడు, వారివంటివాడే. శివయ్య తరువాత సైమనగును. కాని నవలాకారుడు కథను ఆ బాప్తిస్మముతో ముగింపలేదు. చేరదీసిన మార్టిను ప్రాణమునే కోల్పోవును. లూకా కథలో సమరయు డెవ్వరి వలనను దండింపబడలేదు. తిరిగివచ్చి మిగిలిన పైకము చెల్లింతునని పూటకూళ్ళవానికి మాట యిచ్చి తన త్రోవను తాను పోయెను.

ఈ రెండు కథలకు నడుమ నున్న యీ భేదమును మన పరిశోధకులు విడిగా పరిశీలింపవలెను. తెలుగు రచయిత దెబ్బతిన్నవానికి గొంతునిచ్చినాడు, సమరయునికి వాడలో ఇల్లు చూపినాడు; ఆ యిద్దరి పక్షమున లెక్క చెల్లింపవలసిన పూటకూళ్ళవానిని మాత్రము, అనగా ఊరిలో తలుపు తెరిచి లోనికి రానిచ్చు నా మూడవవానిని, మన క్రైస్తవ రచనలలో నేను చదివినంతవరకు ఎవ్వరును పాత్రగా నిలుపలేదు.